తన పురాణమును తానే పరీక్షించిన జాన్ ఫోర్డ్

చలనచిత్ర సంఘములలో తరచుగా ఒక పరీక్ష జరుగుచుండును. ఒక వారము పాత చిత్రమును, మరుసటి వారము అదే జాతికి చెందిన క్రొత్త చిత్రమును ప్రదర్శించి, పిమ్మట సభ్యులు కూర్చుండి రెండింటి గుణదోషములను చర్చింతురు. అమెరికా పశ్చిమప్రాంతపు సాహసగాథలైన వెస్టర్న్ చిత్రములు ఈ పరీక్షకు మిక్కిలి అనువైనవి. ఇచట వెస్టర్న్ అనగా పాశ్చాత్యదేశముల చిత్రములన్నియు కావు. పంతొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో పడమటి దిక్కునకు వలసపోయిన జనుల కథలు. మన ప్రేక్షకులు కౌబాయ్ చిత్రములని పిలుచునవి. చర్చ ముగియుసరికి సాధారణముగా ఒక తీర్పు వెలువడును. పాత చిత్రములో మంచివాడు మంచివాడే, చెడ్డవాడు చెడ్డవాడే. ఆదివాసి కేవలము శత్రువు. క్రొత్త చిత్రములో నాయకునకు మచ్చలు కలవు, చరిత్రకు నెత్తురు కలదు. కావున పాతది కల్ల, క్రొత్తది నిజము.

ఈ తీర్పులో కొంత సత్యము లేకపోలేదు. కాని పాత చిత్రములను నిర్మించినవారిలో అగ్రగణ్యుడైన జాన్ ఫోర్డ్ జీవితమును తెలిసికొన్నవారికి అది అంత సులభముగా రుచింపదు. 1917 మొదలు 1966 వరకు ఆయన కథాచిత్రములకు దర్శకత్వము వహించెను. పడమటిసీమ వీరగాథకు తెరమీద రూపము కల్పించినవారిలో ఆయన మొదటివరుసలోనివాడు. ఆ గాథను విప్పి చూచి, అందలి అసత్యమును, అన్యాయమును ఎత్తిచూపినవారిలోను ఆయన ముందున్నాడు. ఆ పనిలో ఆయన ఎంతదూరము పోయెను, ఎచట ఆగిపోయెను అనునదియే ఆయన చరిత్రలో విచారింపవలసిన ముఖ్యవిషయము.

జాన్ ఫోర్డ్ 1894 ఫిబ్రవరి 1వ తేదీన అమెరికా ఈశాన్యమూలనున్న మెయిన్ రాష్ట్రములో, కేప్ ఎలిజబెత్ అను ఊరిలో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జాన్ మార్టిన్ ఫీనీ. వారిరువురును ఐర్లండు దేశమునుండి వలసవచ్చిన కాథలిక్కులు. తండ్రి పోర్ట్‌లండ్ నగరములో మద్యశాల నడపెను. ఆ బాలుడు పెరిగినది సముద్రతీరమున. గుఱ్ఱములను, ఎడారులను ఎరిగినవాడు కాడు. ఆ పట్టణమున ఐరిష్ కాథలిక్కులు తరువాత వచ్చి చేరినవారు. పాతకాపులైన ప్రొటెస్టంటు కుటుంబముల దృష్టిలో కొంత తక్కువవారు. ఊరిపెద్దలు తలుపు మూసినపుడు బయట నిలుచువాని బాధ ఆయన చిత్రములలో పలుమారులు కనబడుటకు ఈ బాల్యము కొంత కారణము కావచ్చును.

ఆయన పుట్టుటకు నాలుగేండ్లు ముందే, 1890 జనాభా లెక్కల పిమ్మట, పడమట జనావాసమునకు ఎల్ల అని గీయదగిన రేఖ ఇక మిగిలి లేదని అమెరికా ప్రభుత్వము ప్రకటించెను. ఆ సంవత్సరాంతముననే దక్షిణ డకోటాలోని ఉండెడ్ నీ వద్ద సైనికులు లకోటా ఆదివాసులను స్త్రీలు, శిశువులనక చంపిరి. అనగా ఫోర్డ్ కన్ను తెరచుసరికే పడమటిసీమ జీవితము ముగిసి జ్ఞాపకముగా మారుచుండెను. చవుకనవలలు, సర్కస్ ప్రదర్శనలు ఆ జ్ఞాపకమునకు రంగులు పూయుచుండెను. కొలదికాలమునకు సినిమా ఆ పనిని స్వీకరించెను.

ఫోర్డ్ 1914లో పోర్ట్‌లండ్ ఉన్నతపాఠశాల చదువు ముగించి కాలిఫోర్నియాకు పయనమయ్యెను. అన్నగారైన ఫ్రాన్సిస్ అప్పటికే ఫోర్డ్ అను ఇంటిపేరు పెట్టుకొని నటుడుగను, దర్శకుడుగను పేరు గడించియుండెను. తమ్ముడును అదే పేరు ధరించి జాక్ ఫోర్డ్ అయ్యెను. సామానులు మోసెను, గుఱ్ఱములపైనుండి దూకెను, చిన్న వేషములు వేసెను, అన్నకు సహాయకుడుగా పనిచేసెను. 1917లో, ఇరువదిమూడేండ్ల వయస్సున, దర్శకుడయ్యెను. ఆ మూకచిత్రములలో అధికభాగము నేడు దొరకవు. దొరకిన వానిలో 'స్ట్రెయిట్ షూటింగ్' అనునది ముఖ్యమైనది. నాయకపాత్ర ధరించినవాడు హ్యారీ కేరీ. ఆ నాయకుడు పశువుల ఆసాముల దగ్గర కూలి పుచ్చుకొని రైతులను తరిమివేయుటకు వచ్చినవాడు. చనిపోయిన బిడ్డను పూడ్చుకొనుచున్న రైతుకుటుంబమును చూచి మనసు మారి వారి పక్షమున నిలుచును. పాతకాలపు నాయకుడు మచ్చలేనివాడను మాటకు, ఫోర్డ్ తొలియేటి చిత్రమే ఎదురుసాక్ష్యము చెప్పుచున్నది.

1924లో వచ్చిన 'ది ఐరన్ హార్స్' ఆయనకు దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చెను. అమెరికాను తూర్పునుండి పడమరకు కలిపిన రైలుమార్గము 1869లో పూర్తియైన కథ అది. 1926లో 'త్రీ బ్యాడ్ మెన్' తీసిన పిమ్మట పదుమూడేండ్లు ఆయన వెస్టర్న్ జోలికి పోలేదు. మాటల చిత్రములు వచ్చినవి. ఈ జాతి చిత్రములు చాలవరకు చిన్నపిల్లలకు ఉద్దేశింపబడిన చవుకసరుకుగా దిగజారినవి. ఈ నడిమికాలమున ఫోర్డ్ ఇతర కథలతో పేరు గాంచెను. ఐర్లండు విప్లవమునందలి ఒక ద్రోహి కథయైన 'ది ఇన్‌ఫార్మర్' చిత్రమునకు 1935వ సంవత్సరపు ఉత్తమ దర్శకుడుగా ఆస్కార్ బహుమానము పొందెను.

1939లో ఆయన మరల పడమటిసీమకు మరలెను. 'స్టేజికోచ్' చిత్రము వెస్టర్న్ జాతికి పునర్జన్మ నిచ్చినదని విమర్శకులు చెప్పుదురు. కథ చిన్నది. ఒక గుఱ్ఱపుబండిలో తొమ్మండుగురు అపాయకరమైన దారిని ప్రయాణము చేయుదురు. వారిలో ఊరి మర్యాదస్త్రీలు వెళ్ళగొట్టిన ఒక వేశ్య, త్రాగుబోతు వైద్యుడు, చెరసాలనుండి తప్పించుకొనిన యువకుడు కలరు. నిండు గౌరవముతో బండియెక్కిన బ్యాంకు అధికారియు కలడు. అతని సంచిలో ఉన్నది దొంగసొమ్ము. దారిలో ఒక సైనికాధికారి భార్య ప్రసవించినపుడు రాత్రియంతయు మేల్కొని ఆదుకొనినది ఆ వేశ్యయే. మర్యాద ఎవరిది, మానవత్వము ఎవరిది అను ప్రశ్నను ఒక బండిలో కూర్చుండబెట్టి ఫోర్డ్ అడిగెను. అంతవరకు చిన్న చిత్రములలో కాలము గడుపుచున్న జాన్ వేన్ అను నటుడు ఈ చిత్రముతో పెద్ద తార అయ్యెను.

ఈ చిత్రమునకు ఫోర్డ్ ఎంచుకొన్న స్థలము ఆరిజోనా, యూటా రాష్ట్రముల సరిహద్దుననున్న మాన్యుమెంట్ వేలీ. ఎఱ్ఱని నేలనుండి నిలువుగా లేచిన మహాశిలలు, వాటి నడుమ చీమవలె ప్రాకు బండి – ఈ దృశ్యము లోకమునకు పడమటిసీమ అనగానే స్ఫురించు చిత్తరువైనది. అది నవాహో ఆదివాసుల భూమి. వారు ఆయన చిత్రములలో పనిచేసిరి. ఆయనకు తమ భాషలో నటానీ నేజ్, అనగా పొడవైన నాయకుడు, అను పేరును ఇచ్చిరి. కాని తెరమీద వారు ధరించినది అపాచీల వేషము. ఆ అపాచీలకు చిత్రములో మాట లేదు, కారణము లేదు. కొండమీద కనబడుదురు, బాణములు వేయుదురు, గుఱ్ఱములనుండి పడుదురు. బండిలోని పతితులందరకు న్యాయము చేసిన దర్శకుడు బండి బయటనున్న జాతికి న్యాయము చేయలేదు. 'స్టేజికోచ్' గొప్పతనమును, లోపమును ఒక్కసారి చూడగలిగిన విద్యార్థికి ఆయన తక్కిన జీవితము చక్కగా బోధపడును.

ఆయన పని చేయు తీరును ఇచట కొంత తెలిసికొనుట మంచిది. కెమెరాను ఊరక కదల్పుట ఆయనకు ఇష్టము లేదు. దిగంతరేఖ చట్రములో ఎంత ఎత్తున నుండవలెనో, మనుష్యులు దాని క్రింద ఎచట నిలువవలెనో ముందుగా నిర్ణయించి, తనకు కావలసిన భాగమును మాత్రమే తీసెడివాడు. మిగులు ఫిల్ము లేకుండుటచే కూర్పుగదిలో నిర్మాతలు చిత్రమును తమ యిష్టమువచ్చినట్లు మార్చుటకు అవకాశము తక్కువ. సంభాషణలు తగ్గించి, చూపులలోను, గుమ్మముల వద్ద నిలుచు తీరులోను భావమును ఇమిడ్చెను. ఆర్సన్ వెల్స్ తన తొలి కథాచిత్రమైన 'సిటిజన్ కేన్' తీయుటకు ముందు 'స్టేజికోచ్' చిత్రమును పదేపదే చూచి ఈ విద్య నేర్చుకొంటినని చెప్పుకొనెను. జపానులో కురొసావా ఆయనను గురువుగా భావించెను. 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించినవారిలో ఒకడైన సత్యజిత్ రాయ్ ఆయనను గూర్చి ప్రత్యేకముగా ఒక వ్యాసము వ్రాసెను.

రెండవ ప్రపంచయుద్ధమున ఫోర్డ్ నౌకాదళములో చేరి, యుద్ధరంగ ఛాయాగ్రహణమునకు ఒక దళమును కూర్చెను. 1942 జూన్ మాసమున మిడ్‌వే ద్వీపముపై జపాను విమానములు దాడిచేసినపుడు కెమెరాతో అచటనే యుండి గాయపడెను. తాను తీసిన దృశ్యములతో చేసిన లఘుచిత్రమునకు బహుమానము వచ్చెను. యుద్ధమునకు ముందు ఆయన కథలలోని మృత్యువు ఆటవంటిది. యుద్ధమునకు తరువాతి చిత్రములలో సమాధులు, వితంతువులు, మరలిరాని దళములు ఎక్కువైనవి.

1946లో తీసిన 'మై డార్లింగ్ క్లెమెంటైన్' ఆయన చిత్రములలో మిక్కిలి సుందరమైనదని పలువురు తలంతురు. ఆరిజోనాలోని టూంస్టోన్ పట్టణమున 1881లో జరిగిన తుపాకుల పోరు దానికి మూలము. చరిత్రను ఆ చిత్రముతో పోల్చిన ఉపాధ్యాయునకు ఆశ్చర్యము కలుగును. తెరమీద ఆ పోరులో మరణించిన డాక్ హాలిడే నిజమునకు 1887లో క్షయరోగముతో మంచముమీద మరణించెను. కట్టుచున్న దేవాలయపు చెక్కనేలపై ఊరివారు నృత్యము చేయు సన్నివేశము నాగరకత పుట్టుకను గూర్చిన ఒక కల. ఫోర్డ్ ఇచట చరిత్రను వదలి పురాణమును వరించెను.

రెండేండ్లు తిరుగకమునుపే ఆయన ఆ పురాణమును ప్రశ్నింప మొదలిడెను. 1948లోని 'ఫోర్ట్ అపాచీ' చిత్రమున ఒక సైనికాధికారి కలడు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ వద్ద దళముతోపాటు నశించిన కస్టర్ నీడ అతనిపై పడియున్నది. అపాచీలు తమకు కేటాయించిన ప్రాంతమును విడిచిపోవుటకు కారణము ప్రభుత్వ వర్తకుని మోసమని చిత్రము స్పష్టముగా చూపును. కీర్తికాముకుడైన ఆ అధికారి, తన క్రింది అధికారి అపాచీ నాయకుడైన కొచీజ్‌కు ఇచ్చిన మాటను వంచనకు వాడుకొని, మొండితనముతో దళమును మృత్యుముఖమునకు నడపును. చివర పత్రికావిలేకరులు అతనిని మహావీరుడని పొగడుదురు. సత్యమెరిగిన క్రింది అధికారి ఆ పొగడ్తను ఖండింపడు. దళము గౌరవము కొరకు ఆ అసత్యమునకు తలయూచును. ప్రేక్షకుడు మాత్రము రెండింటిని చూచెను. వీరగాథ ఎట్లు పుట్టునో, దానికొరకు ఏ సత్యము కప్పివేయబడునో ఒక వెస్టర్న్ చిత్రమే చెప్పెను.

ఆయన స్వభావములోను ఇట్టి ద్వంద్వము కలదు. 1950లో కమ్యూనిస్టుల భయము హాలీవుడ్‌ను ఆవరించినపుడు, దర్శకుల సంఘాధ్యక్షుడైన మాంకివిట్జ్‌ను తొలగించుటకు సిసిల్ డిమిల్ పక్షమువారు ప్రయత్నించిరి. అక్టోబరు 22వ తేదీ రాత్రి జరిగిన సభలో ఫోర్డ్ లేచి, తనను వెస్టర్న్ చిత్రములు తీయువానిగా మాత్రము పరిచయము చేసికొని, డిమిల్ చర్యను నిర్భయముగా ఖండించెను. సభ ఆయన మాటను మన్నించెను. అట్టి ధైర్యవంతుడే చిత్రీకరణస్థలమున నిరంకుశుడు. నటులను పదిమందిలో అవమానించుట, సహాయకులను నిందించుట ఆయనకు అలవాటు. 1955 నాటి 'మిస్టర్ రాబర్ట్స్' చిత్రీకరణలో చిరకాల మిత్రుడైన హెన్రీ ఫాండాపై చేయిచేసికొనెను. వారి మైత్రి దానితో చెడెను. ఒక చిత్రమునకు, మరియొక చిత్రమునకు నడుమ త్రాగుడు ఆయనను లోబరచుకొనెడిది. యౌవనమున ఉదారవాదియై, వృద్ధాప్యమున వియత్నాం యుద్ధమును సమర్థించెను.

1956లో వెలువడిన 'ది సెర్చర్స్', అనగా అన్వేషకులు, ఆయన కృతులలో అత్యంత చర్చనీయమైనది. అంతర్యుద్ధమున ఓడిన పక్షపు సైనికుడు ఈథన్ టెక్సాస్‌లోని తమ్మునియింటికి మరలివచ్చును. కొమాంచీలు ఆ కుటుంబమును చంపి చిన్నపిల్లను ఎత్తుకొనిపోవుదురు. ఈథన్ ఏండ్ల తరబడి ఆమెను వెదకును. ఆ వెదకుట ప్రేమతో కూడినదని మొదట తోచును. క్రమముగా భయంకరమైన సత్యము బయటపడును: కొమాంచీల నడుమ పెరిగిన ఆ పిల్ల అతని దృష్టిలో మైలపడినది, ఆమెను దొరకినచోట చంపవలెనని అతని సంకల్పము. సగము ఆదివాసి రక్తము పంచుకొన్నవాడని ఈథన్ ఈసడించుకొను మార్టిన్ అను యువకుడే ఆమెను కాపాడుటకు వెంటనంటియుండును. కొమాంచీ నాయకుడు స్కార్ సహితము తన కుమారులను తెల్లవారి చేతిలో పోగొట్టుకొన్నవాడే. పగబట్టిన ఇద్దరును అద్దమున ప్రతిబింబములవలె ఎదురెదురుగా నిలుతురు. అశ్వికదళము ఒక పల్లెపై పడి ఆదివాసి స్త్రీలను చంపిన దృశ్యమును కూడ ఫోర్డ్ దాచలేదు.

కడపట ఈథన్ ఆ పిల్లను చంపక రెండుచేతుల ఎత్తుకొని ఇంటికి తెచ్చును. అందరును లోనికి పోవుదురు, అతడు గుమ్మము బయటనే నిలిచిపోవును, తలుపు మూతపడును. ఆ నిలుచుటలో జాన్ వేన్ ఎడమచేతితో కుడిమోచేతిని పట్టుకొనును. అది 1947లో గతించిన హ్యారీ కేరీ మూకచిత్రముల నాటి అలవాటు. నాయకునిగా పూజింపబడిన తారను జాతిద్వేషిగా చూపి, ఇంటిలో చోటు లేదని తలుపు మూయుట 1956లో సామాన్యమైన సాహసము కాదు. అయినను స్కార్ వేషము ధరించినవాడు జర్మనీలో పుట్టిన తెల్లనటుడు. ఈ లోపమును కూడ లెక్కలో వ్రాసికొనవలసినదే.

ఈ చిత్రమును గూర్చి చలనచిత్ర సంఘముల తీర్పు కాలముతో మారిన విధము గమనింపదగినది. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల ఫిల్మ్ సొసైటీనుండి పుట్టిన 'సీక్వెన్స్' పత్రికలో లిండ్సే ఆండర్సన్ ఫోర్డ్‌ను అందరికంటె ముందుగా కొనియాడినవారిలో ఒకడు. తరువాత ఆయనను గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. అట్టివాడు 'ది సెర్చర్స్' వచ్చినపుడు మెచ్చలేదు. పాత చిత్రముల ప్రశాంతత, మనుష్యులయందలి నమ్మకము ఇందులో లోపించినవని నొచ్చుకొనెను. ఆ చిత్రమునకు ఆస్కార్ ప్రతిపాదన ఒక్కటియు రాలేదు. తరువాతితరమువారైన మార్టిన్ స్కోర్సీసీ మొదలగువారు దానిని తలపై పెట్టుకొనిరి. 2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దానిని వెస్టర్న్ చిత్రములలో ప్రథమముగా నిలిపెను. చిత్రము మారలేదు, చూచువారి ప్రశ్నలు మారినవి.

1962లో ఫోర్డ్ తన సీమకు ఒక విధముగా అంత్యక్రియలు జరిపెను. 'ది మాన్ హూ షాట్ లిబర్టీ వేలన్స్' చిత్రములో మాన్యుమెంట్ వేలీ లేదు, రంగులు లేవు. ఎక్కువభాగము స్టూడియోలోని నలుపు తెలుపుల నీడలు. ఒక సెనేటరు అనామకుడైన స్నేహితుని అంత్యక్రియలకు పాత ఊరికి వచ్చును. దుర్మార్గుడైన లిబర్టీ వేలన్స్‌ను చంపిన వీరుడని దేశము అతనిని కీర్తించుచున్నది. ఆ కీర్తియే అతనిని పదవులకు ఎక్కించినది. నిజమునకు తుపాకి పేల్చినవాడు చీకటిలో నిలిచిన ఆ స్నేహితుడు. సెనేటరు సత్యము చెప్పగా పత్రికాధిపతి ఆ కాగితములను చించివేయును. జనము నమ్మిన కథయే అచ్చులో నిలువవలెనని నిర్ణయించును. 'ఫోర్ట్ అపాచీ' చివర వినబడిన అసత్యము ఇచట చిత్రమంతయు నిండినది. పత్రిక అచ్చువేయనిదానిని ఫోర్డ్ తెరపై ప్రదర్శించెను.

ఈ చిత్రమును 1992లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన 'అన్‌ఫర్‌గివెన్' ప్రక్కన నిలిపి చూచిన సంఘమునకు చక్కని చర్చ దొరకును. రెండవదానిలోను వీరుల కథలను వ్రాసి అమ్ముకొను ఒక రచయిత కలడు. ఆ కథలలోని కల్లలు ఒక్కొక్కటే విడిపోవుచుండును. ఫోర్డ్ చిత్రమున చావు ఒక్క క్షణములో ముగియును, దాని భారము తరువాతి జీవితమున కనబడును. ఈస్ట్‌వుడ్ చిత్రమున చావు మెల్లగా, నీళ్ళకై యాచించుచు, చంపినవాని కన్నులయెదుట జరుగును. ఫోర్డ్ అసత్యముపై కట్టిన చట్టమును, బడిని, రైలుమార్గమును చూపి, ఇది మేలా కీడా అని అడుగును. ఈస్ట్‌వుడ్ ఆ కట్టడమును గూర్చి అంతగా విచారింపడు; చంపుటవలన మనిషి ఏమగునో చూచును. ప్రశ్న పాతవానిది, దానిని శరీరముమీద పరీక్షించినవాడు క్రొత్తవాడు.

1964లో ఫోర్డ్ ఆదివాసుల ఋణమును తీర్చుకొనుటకు పూనుకొనెను. 1878లో ఉత్తర చెయెన్ జాతివారు ఓక్లహామా ప్రాంతపు నిర్బంధమునుండి వెడలి, ఆకలితో, చలితో, సైన్యము తరుముచుండగా, వందలమైళ్ళు నడచి జన్మభూమికి పోవ యత్నించిన కథ 'చెయెన్ ఆటమ్'. న్యాయము వారి పక్షముననే యున్నదని చిత్రము చాటెను. కాని ముఖ్యపాత్రలు ధరించినవారు మెక్సికో, ఇటలీ సంతతి నటులు. చెయెన్ జనముగా నిలిచినవారు నవాహోలు. కథను నడపునది తెల్ల అధికారి దృష్టి. ఋణమున్నదని ఒప్పుకొనెనే కాని దానిని పూర్తిగా తీర్చలేకపోయెను. ఈ లోపము ఆయనతో పోలేదు. 1990లో వచ్చి ఏడు ఆస్కార్ బహుమానములు పొందిన 'డాన్సెస్ విత్ వుల్వ్స్' చిత్రములో లకోటా భాష వినబడును, ఆదివాసి నటులు కనబడుదురు. నడిమి స్థానము మాత్రము మరల తెల్లసైనికునిదే. ఆదివాసులే వ్రాసి, దర్శకత్వము వహించి, నటించిన 'స్మోక్ సిగ్నల్స్' 1998 వరకు రాలేదు. క్రొత్తదంతయు నిజమను తీర్పు ఇచట వీగిపోవుచున్నది.

అదే 1964లో ఇటలీలో సెర్జియో లియోనీ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' తీసి వెస్టర్న్ చిత్రమునకు వేరొక మార్గము చూపెను. పేరు లేని, ధర్మచింత అంతగా లేని, కూలికి తుపాకి పట్టిన నాయకుడు, దీర్ఘమైన నిశ్శబ్దములు, ముఖములను కొండలవలె చూపు దృశ్యములు. 1968లో లియోనీ మాన్యుమెంట్ వేలీకే వచ్చి, ఫోర్డ్ చిత్రములలో ధర్మమూర్తిగా కనబడిన హెన్రీ ఫాండాకు క్రూరుని వేషము నిచ్చెను. గురువు పటమును తలక్రిందులు చేసి చూపిన శిష్యుని పని అది. తెలుగుదేశమునకు ఈ గాథ వచ్చినది ఎక్కువగా ఈ రెండవ మార్గముననే. 1971లో ఆరుద్ర రచనతో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున, కృష్ణ నాయకుడుగా వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' లియోనీ పోకడలను రాజస్థాన్ ఎడారికి తెచ్చెను. పేరులోనే మంచిచెడ్డల గీత చెరిగిపోయినది. ఇట్లు మన ప్రేక్షకులలో పలువురు శాఖను ముందు చూచి, మొదలును తరువాత చూచినవారు.

ఫోర్డ్ కడపటి కథాచిత్రము 'సెవెన్ విమెన్' 1966లో వచ్చి ఆదరణ లేక పోయెను. ఆరోగ్యము క్షీణించెను, ఒక కంటిపై నల్లని పట్టీతో కనబడెడివాడు. 1973 మార్చి 31వ తేదీన అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తన తొలి జీవితసాఫల్య పురస్కారమును ఆయనకు సమర్పించెను. ఆ సంవత్సరము ఆగస్టు 31న కాలిఫోర్నియాలోని పామ్ డెజర్ట్‌లో ఆయన మరణించెను. ఉత్తమ దర్శకుడుగా ఆయన పొందిన ఆస్కార్ బహుమానములు నాలుగు. ఆ సంఖ్యను అందుకొన్నవారు నేటివరకు లేరు. విచిత్రమేమనగా ఆ నాలుగింటిలో ఒక్కటియు వెస్టర్న్ చిత్రమునకు వచ్చినది కాదు. 'ది ఇన్‌ఫార్మర్', 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్', 'హౌ గ్రీన్ వాజ్ మై వేలీ', 'ది క్వయట్ మాన్' – ఇవి ఆ నాలుగు. తన కాలపు న్యాయనిర్ణేతలు తక్కువజాతిగా ఎంచిన చిత్రములతోనే ఆయన పేరు నిలిచినది.

పాత చిత్రమును, క్రొత్త చిత్రమును పోల్చుటకు కూర్చుండు విద్యార్థి ఈ జీవితమునుండి కొన్ని ప్రశ్నలు తీసికొనవచ్చును. ఈ కథలో మాట ఎవరికి ఇయ్యబడినది, ఎవరికి ఇయ్యబడలేదు? కథకుడు ఏది దాచెను, ఏది దాచలేక బయటపెట్టెను? అతని ముందరి చిత్రమునకు తరువాతి చిత్రము ఏమి జవాబు చెప్పుచున్నది? ఈ ప్రశ్నలతో చూచినపుడు 1939 నాటి 'స్టేజికోచ్' ఎంత ఎరిగినదో, ఎంత ఎరుగదో రెండును తెలియును. నిన్నమొన్నటి చిత్రమును సహితము అదే కొలతతో కొలువవలెనని తోచును. ఇరువదియైదేండ్లలో ఆదివాసిని మూగశత్రువుగా చూపిన స్థితినుండి అతని దుఃఖమును కథగా చెప్పు స్థితికి ఒక మొండిమనిషి నడచివచ్చెను. ఆయన ఆగిపోయినచోట దారి ముగియలేదు; తరువాత దానిని నడువవలసినవారు, ఆయన చిత్రములలో కొండమీద మాటలేక నిలిచినవారి మనుమలు.